ప్రాసకు గేటు పాస్

బొగ్గు తరువాత మా గోదావరిఖనిలో అత్యంత కట్టుదిట్టంగా కాపాడవలసిన ఖనిజం ప్రాస అని ఈ ఏడాది అధికారికంగా తేలింది. తేల్చింది మా కాలనీ క్లబ్బు సాంస్కృతిక ఉపసంఘం. అందులో సభ్యులు ఏడుగురు. (పాట పాడగలిగినవారు ఒక్కరూ లేరు. నిష్పాక్షికత కోసం అలా ఎంపిక చేశారు.)

గనుల భద్రతా పక్షోత్సవాల్లో ఈసారి ర్యాప్ పోటీ కూడా పెట్టారు. యువత ఎలాగూ చెడిపోతున్నది కనుక, అది ఒక క్రమపద్ధతిలో జరగాలని ఉపసంఘం భావించింది. నియమావళి పదకొండు పేజీలు. పాట మూడు ప్రతుల్లో ఇవ్వాలి. పాదం చివర ప్రాస కుదిరిందని ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఏ మాటకైనా రెండు అర్థాలుంటే, ఏది వాడదలచుకున్నారో ముందే ప్రకటించి, రెండోదాన్ని వేదిక కింద వదిలి ఎక్కాలి. ఊపిరి పీల్చుకునే చోట్లను ఎర్ర సిరాతో గుర్తించాలి.

మా పక్క క్వార్టర్ ఫెబా ఇవన్నీ చేసింది. డిగ్రీ చివరి సంవత్సరం పిల్ల. ఆమె తండ్రి యోనా ముప్పై మూడేళ్ళు బాయిలో బొగ్గు తవ్వి ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఇంట్లో ఆయన నోరు విప్పగా గోడకు ఇవతల నేను విన్నది చాలా తక్కువ. గోడకు అవతల ఫెబా విన్నదీ అంతే. పోయిన క్రిస్మస్‌కు ఆయనతో పనిచేసే ముత్యం వాళ్ళింటికొచ్చి, "మీ బాపు నోరిప్పితె బాయంత నవ్వుతది బిడ్డా, నీకు ఎర్క లేదా?" అన్నాడు. ఫెబాకు ఎరుక లేదు. ఆ రోజు నుంచి ముత్యం కాక వెంటపడి తండ్రి మాటలను ఒక్కొక్కటే రాసుకుంది.

పైన పేరుంటది, లోపల నంబరుంటది,
నంబరు మల్లొస్తెనే ఇంట్ల పేరుంటది.

పైకప్పు పలికితె పరుగెత్తు,
పరుగెత్తితెనె రేపు పలుగెత్తు.

ఇలాంటివి నలభై. (బాయిలో మనిషికి పేరు బదులు నంబరు బిళ్ల; కూలే ముందు పైకప్పు పలుకుతుంది.) పరుగుకూ పలుగుకూ మధ్య ఒక్క అక్షరమే తేడా. బాయిలో ఆ అక్షరం మీద ఒక మనిషి బతికి బయటపడతాడు. ఇది తెలిసిన పిల్ల కనుక ఆమె ఏ మాటనూ మార్చలేదు, తాళానికి కూర్చింది, అంతే. తండ్రి ఉద్యోగంలో ఉండగా వచ్చే ఈ ఆఖరి పక్షోత్సవంలో, ఆయన ముందు నిలబడి, ఇంటికి ఎన్నడూ చేరని ఆయన మాటల్ని ఆయనకే వినిపించాలనుకుంది. దరఖాస్తులో మాత్రం ఒక తప్పు చేసింది. "రచయిత" అన్న గడిలో నిజం రాసింది.

ఉపసంఘం కన్వీనర్ జగదీశ్వర్ ఆమెను పిలిపించాడు.

"మంచిగున్నయమ్మా. మీ బాపు గివి ఏడ అన్నడు?"

"బాయిల సార్."

"డ్యూటీల అన్నడా, డ్యూటీ దిగినంక అన్నడా?"

"డ్యూటీలనే. షిఫ్టుల అందరు విన్నరు."

జగదీశ్వర్ కలం కింద పెట్టాడు. (ఆయన కలం ఎత్తడం కన్నా దించడమే ప్రమాదమని కాలనీకంతా తెలుసు.) జీతం తీసుకుంటూ, భూగర్భంలో, పనివేళల్లో తయారైన ప్రాస ఉత్పత్తి కిందికే వస్తుందనీ, గేటు పాస్ లేకుండా దాన్ని బయటికి తేవడం కుదరదనీ ఉపసంఘం ఆ సాయంత్రమే తీర్మానించింది. టిఫిన్ డబ్బా తెరిపించి చూసేవారు నోరెందుకు తెరిపించలేదని కాపలావాళ్ళకు వేరే ఉత్తరం వెళ్ళింది. యోనా ఆ నలభై మాటలనూ జమ చేయాలి. చేయకపోతే కూతురి పేరు పోటీలోంచి కొట్టేస్తారు.

యోనా వెళ్ళాడు. సాక్షిగా ముత్యం వెళ్ళాడు కనుక అక్కడ జరిగింది మాకు తెలిసింది. జగదీశ్వర్ రిజిస్టరు తెరిచాడు.

"బొగ్గు నల్లగ, బువ్వ తెల్లగ, సర్దారొస్తె సప్పుడు మెల్లగ. రాస్కున్నరా సారూ?"

"సర్దారును ఎందుకు తెచ్చినవే యోనన్నా? పైమనిషి పేరెత్తితె గది ఇంకో ఫైలైతది."

"ఫికర్ జెయ్యకుండ్రి. అందరికన్న ముందుగాల నవ్వింది గా సర్దారే."

పక్క బల్లలవాళ్ళు కూడా నవ్వారు. నవ్వుకు రిజిస్టరులో చోటు లేనందున ఆపమన్నారు. నలభయ్యో మాట చెప్పాక యోనాకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

"మాటలు మీయే అన్నరు, ఇచ్చిన. మరి గీ దగ్గు సారూ? గిది గూడ డ్యూటీలనే అచ్చింది. జమ చేస్కోరి."

"దగ్గుకు మా దగ్గర కాలమ్ లేదన్నా. దవాఖానల అడుగు."

"అడిగిన. ఇంటికాడ పట్టుకున్నదంటున్నరు."

జగదీశ్వర్ రిజిస్టరు మూసి తాళం వేశాడు.

ఉపసంఘానిది రాతిగుండేమీ కాదు. ఆ నలభై ఇక పాడటానికి వీల్లేకపోయినా, డ్యూటీ బయట యోనా మాట్లాడిన మాటలపై కుటుంబానికి సంపూర్ణ హక్కు ఉందనీ, వాటితో ఎంత పొడవు పాటైనా కట్టుకోవచ్చనీ ఫెబాకు రాతపూర్వకంగా తెలియజేసింది. అయితే జాబితాను ఇంటావిడ ధ్రువీకరించాలి. యోనా భార్య ఎలిజబెత్ తెల్లకాగితం ముందు గంటసేపు కూర్చుని, నేనేమైనా విన్నానేమోనని నన్నూ పిలిచింది.

"ఏం రాయాలె అక్కా? షిఫ్టు దిగి ఇంటికచ్చేసరికే ఈయనకు మాటలు ఒడిశిపోతయి."

జ్ఞాపకం తెచ్చుకుని తెచ్చుకుని చివరికి మూడు రాసింది. అన్నం పెట్టు. ఫ్యాన్ వెయ్యి. జర పండుకుంట.

ఉపసంఘం మూడింటినీ పరిశీలించి, రెండో అర్థమేదీ లేదని నిర్ధారించుకుని ముద్ర వేసింది.

పోటీనాడు ఫెబా వేదికెక్కింది. ముందు వరుసలో యోనా, ఎలిజబెత్. తాళం మొదలైంది. ఆ పిల్ల ఆ మూడు మాటలే అంది. విరిచి అంది, వరస మార్చి అంది, ఊపిరి తిప్పుకోకుండా అంది, ఆఖరికి పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా అంది. నాలుగు నిమిషాల్లో ముప్పై మూడేళ్ళు అయిపోయాయి. ఎలిజబెత్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యోనా పెదవులు కదిలాయి.

అనుమతించిన జాబితాను ఎక్కడా దాటనందుకు ఉపసంఘం ఫెబాను వేదికపైనే అభినందించింది. భాషలో చమత్కారం లేదని మాత్రం పది మార్కులు కోసింది.