ప్రతి బడికీ ఒక పియానో

కళల శాఖ మంత్రిగారు ఒక మంగళవారం ఉదయం పత్రికల వాళ్లని పిలిపించి, టీ ఇప్పించి, ప్రభుత్వ బడులు నూట పన్నెండింటిలో ప్రతి బడికీ ఒక పియానో అందబోతోందని ప్రకటించారు. "పిల్లల చేతివేళ్లు ఖాళీగా ఉంటే దేశం ఖాళీగా ఉన్నట్టే" అన్నారు. ఆ మాట రాసుకోవడానికి విలేకరులకి కొంత వ్యవధి కూడా ఇచ్చారు.

వెనక వరసలోంచి ఒకాయన, "ఏ రకం పియానో అండీ?" అని అడిగాడు.

మంత్రిగారు తన పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. తన చేతిలోని కాగితం వైపు చూశాడు. కాగితంలో అంతవరకూ రాయలేదు.

"దానికి నిపుణుల కమిటీ వేశాం" అన్నారు మంత్రిగారు.

ఆ మాట అనేటప్పటికి కమిటీ లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఉంది. ఇచ్చిన మాట నిలబెట్టుకునేవాళ్లు లోకంలో అక్కడక్కడా ఉంటారు. అనేసిన మాటని వెనక్కి వెళ్లి మరీ నిజం చేసేవాళ్లు అరుదు.

కమిటీకి అధ్యక్షులు శాఖ డైరెక్టరుగారు. ఆయన ఈ శాఖకి వచ్చి మూడు నెలలే అయింది. అంతకు ముందు పన్నెండేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, తూకం విషయంలో కన్నతండ్రిని కూడా నమ్మని మనిషని పేరు తెచ్చుకున్నారు. రెండో సభ్యుడు పి.ఏ. పియానో వాయించడం తెలిసినవాళ్లు కూడా ఒకరుంటే చూడ్డానికి బాగుంటుందని ఉత్తర్వు టైపు చేస్తున్న గుమాస్తా అనడంతో, మూడో పేరుగా సంగీతం టీచరమ్మ చేరింది.

టీచరమ్మ బస్సు డిపో వెనకున్న బడిలో పంతొమ్మిదేళ్లుగా పియానో నేర్పుతోంది. మేడమీద గది. పియానో మీద వేళ్లతో నొక్కే తెల్లవీ నల్లవీ పలకల్ని సంగీతం వాళ్లు మెట్లంటారు. ఆ గదిలోని చెక్క పియానో రెండేళ్ల కిందట పైకప్పు కారి తడిసి, ఒక్కొక్క మెట్టే మూగబోయి, ఆఖరికి హాజరుపట్టీలు పెట్టుకునే బల్లగా స్థిరపడింది. అప్పట్నుంచీ ఆవిడ బెంచీల మీద సుద్దముక్కతో మెట్లు గీసి పాఠం చెబుతోంది. పిల్లలు సుద్ద మెట్టు నొక్కితే ఆ స్వరం ఆవిడ నోటితో పాడుతుంది. ఒకరు నొక్కితే సులువే. ఇద్దరు నొక్కితే ఆవిడకి ఉన్నది ఒక్కటే గొంతు.

ముప్ఫై ఒక్కమంది పిల్లలు. పోయినేడు పరీక్ష హాల్లో అసలు పియానో ముందు కూర్చున్నప్పుడు, అది నిజంగా మోగేసరికి సగం మంది ఉలిక్కిపడి చేతులు తీసేశారు. ఒక్కరూ గట్టెక్కలేదు. ఈ ఏడు కూడా ఇంతే అయితే పియానో తరగతి ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. పరీక్ష ఐదు నెలల్లో ఉంది.

అందుకే కమిటీ ఉత్తర్వు చేతికందగానే ఆవిడకి కాళ్లు నేలమీద ఆనలేదు. ఇంటికెళ్లి అత్తగారికి చదివి వినిపించింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది.

"నిన్నెందుకు వేశారే అమ్మాయ్?"

"పియానో గురించి తెలుసని, అత్తయ్యా."

"తెలిసినవాళ్లని వేశారంటే ఏదో పొరపాటు జరిగుంటుంది" అంది అత్తగారు, దారం పంటితో తెంపుతూ. "వాళ్లు దిద్దుకునేలోపు వెళ్లి కూర్చో."

టీచరమ్మ ఒక పేజీ రాసుకుని వెళ్లింది. మెట్లు ఎనభై ఎనిమిదీ ఉండాలి, తెల్లవి యాభై రెండు, నల్లవి ముప్ఫై ఆరు. నొక్కితే వేలికి బరువు తెలియాలి. స్పీకర్లు పియానో లోపలే ఉండాలి, ఎందుకంటే బడికి ఉన్న ఒక్క స్పీకరూ హెడ్మాస్టరుగారి ప్రసంగాలకే చాలడం లేదు. ఇరుకు మేడమెట్ల మీద ఒక్క మనిషి మోసుకెళ్లగలిగేంత తేలిగ్గా ఉండాలి, అంటే పోర్టబుల్.

డైరెక్టరుగారు కళ్లజోడు సవరించుకుని చదివారు. "ఎనభై ఎనిమిది మెట్లా? చిన్నపిల్లలమ్మా. ఆయాసం రాదూ?"

"ఎక్కేవి కాదండీ. నొక్కేవి."

"ఏవైతేనేం, తొంభై చేసేస్తే లెక్క చూడ్డానికి బాగుంటుంది కదా."

"ప్రపంచంలో ఎక్కడైనా ఎనభై ఎనిమిదేనండీ."

"ప్రపంచ స్థాయి అని రాసుకో" అన్నారు పి.ఏ.తో.

పి.ఏ. రాసుకుని తలెత్తాడు. "తెల్లవి యాభై రెండు, నల్లవి ముప్ఫై ఆరే అంటున్నారు. ఎందుకమ్మా ఈ తేడా? సభలో ఎవరైనా లేచి అడిగితే సార్ ఏం చెప్పాలి?"

"అవి మొదట్నుంచీ అంతేనండీ."

"అలా అస్సలు చెప్పకూడదు" అని పి.ఏ. కంగారుపడ్డాడు. చర్చ గంటసేపు నడిచింది. చివరికి అంకెలు తీసేసి, 'అన్ని రంగులకూ సముచిత స్థానం' అని రాశారు.

ఇక బరువు సంగతి. మెట్లకి బరువుండాలంటూనే పియానోకి బరువుండకూడదంటే అది ఏ కాటాలోనూ నిలవదని డైరెక్టరుగారు అభ్యంతరం చెప్పారు. ఆవిడ ఓపిగ్గా వివరిస్తూ 'పోర్టబుల్' అన్న మాట దగ్గరికి రాగానే, అంతవరకూ ఫోను చూసుకుంటున్న పి.ఏ. ముందుకు జరిగాడు.

"అంటే ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చా?"

"వెళ్లొచ్చండీ."

"వ్యానులో పడుతుందా?"

"కారులో వెనక సీటు మీద కూడా పడుతుందండీ."

పి.ఏ. ఆ మాట కింద రెండు గీతలు గీశాడు. తన మేడమెట్ల కష్టం అర్థం చేసుకున్నవాడు ఈ ప్రభుత్వంలో ఒక్కడైనా ఉన్నాడని టీచరమ్మ సంతోషపడింది.

శనివారం వాద్యాల దుకాణానికి మంత్రిగారే స్వయంగా వచ్చారు, వెనక ఇద్దరు ఫొటోగ్రాఫర్లతో. డైరెక్టరుగారు పాత శాఖ నుంచి ఒక కాటా తెప్పించుకున్నారు. దుకాణదారు మూడు పియానోలు బయటపెట్టాడు.

మొదటిది పన్నెండు కిలోలు. టీచరమ్మ దాని ముందు కూర్చుంది. ఆవిడ వేళ్ల కింద ఏదైనా మోగి రెండేళ్లయింది. నాలుగు స్వరాలు చూసి లేద్దామనుకుంది కానీ లేవలేకపోయింది. పాట అయ్యేసరికి తూకం రాయబోయిన డైరెక్టరుగారి కలం ఇంకా గాల్లోనే ఉంది. దుకాణదారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఇదేనండీ" అంది ఆవిడ.

మంత్రిగారు పియానో చుట్టూ ఒకసారి తిరిగారు. "స్పీకర్లు ఎటు చూస్తున్నాయి?"

"వాయించేవాళ్ల వైపండీ. వాళ్లకి వినబడితేనే కదా నేర్చుకునేది."

"వాయించేవాళ్లకెందుకమ్మా? ఏం వాయిస్తున్నారో వాళ్లకి తెలుసు. స్పీకరన్నది ప్రజల వైపు చూడాలి."

ముప్ఫై ఏళ్ల ప్రజాజీవితంలోంచి వచ్చిన మాట అది.

రెండోది ఇరవై రెండు కిలోలు. పోర్టబుల్ అవునో కాదో తేల్చడానికి పి.ఏ.ని ఎత్తి చూడమన్నారు. ఎత్తాడు. దించడానికి ముగ్గురు పట్టారు.

మూడోది సన్నగా, మెరుస్తూ, ఏడు కిలోలు. బ్యాటరీతో నడుస్తుంది. స్పీకర్లు నిక్షేపంగా ఎదుటివాళ్ల వైపే ఉన్నాయి. మెట్లు మాత్రం ఆటబొమ్మ మెట్లలా వేలు ఆనీ ఆనకముందే దిగిపోతున్నాయి. మంత్రిగారు దాని ముందు కూర్చుని, ఫొటో కోసం పది వేళ్లూ మెట్ల మీద పరిచారు. చిటికెన వేలు పక్కనున్న ఎర్ర బటను మీద పడింది.

పియానో మోగింది. అలా ఇలా కాదు, దుకాణం అద్దాలు గలగలలాడేలా మోగింది. మంత్రిగారు ఒక్క క్షణం బిగుసుకుపోయారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. ఆయన మెట్లకి తగిలీ తగలకుండా వేళ్లు కదపడం మొదలుపెట్టారు, తర్వాత భుజాలు, ఆ తర్వాత తల. రెండున్నర నిమిషాలకి పాట అయిపోయింది. మంత్రిగారు ఇంకో నాలుగు సెకన్లు వాయించి ఆపారు.

"నాలో ఇంత ఉందని నాకే తెలీదయ్యా" అన్నారు. కళ్లు చెమర్చాయి.

"సార్, అది డెమో అండీ" అంది టీచరమ్మ నెమ్మదిగా. "బటను నొక్కితే దానంతటదే వాయించుకుంటుంది."

"డెమో అంటే?" అని మంత్రిగారు పి.ఏ.ని అడిగారు.

"డెమోక్రసీలో మొదటి సగం సార్."

"అయితే ఇదే ఖాయం చెయ్యండి" అన్నారు మంత్రిగారు.

దీని మీద నేర్చుకుంటే పిల్లల వేళ్లకి బలం రాదని ఆవిడ చెప్పి చూసింది. డైరెక్టరుగారు మర్యాదగానే విన్నారు. "అమ్మా, మీరు నిపుణులు. అభిప్రాయం చెప్పడం మీ పని. చెప్పారు. సంతకం వేరే పని" అని కాగితం ముందుకి జరిపారు. గుడ్డికన్నా మెల్ల మేలు, మోగేది ఏదో ఒకటి గదిలోకి వస్తే చాలనుకుని ఆవిడ సంతకం పెట్టింది.

నెల తిరిగాక టీచరమ్మ బడికి పియానో వచ్చింది. పిల్లలు తలలు దువ్వుకుని వరసలో నిలబడ్డారు. వ్యాను దిగిన పియానోని ఆవరణలో వేదిక మీద పెట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, కూర్చుని, రెండున్నర నిమిషాలు వాయించారు. ఈపాటికి సాధన బాగా కుదిరి, పాటతోపాటే ఆపుతున్నారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు కారెక్కారు. వ్యాను డ్రైవరు పియానోకి దుప్పటి చుట్టడం మొదలుపెట్టాడు.

"మేడ మీదకి ఇటువైపండీ" అంది టీచరమ్మ.

"మేడ మీదకి కాదమ్మా. పదకొండున్నరకి ఇంకో బడి ఉంది" అన్నాడు పి.ఏ.

"ఆ బడికి వేరేది ఉంటుంది కదా?"

పి.ఏ. ఆవిడ వైపు జాలిగా చూశాడు. "సార్ ఏమన్నారమ్మా? ప్రతి బడికీ ఒక పియానో అన్నారు. ఇదే ఆ ఒక పియానో. రెండని ఎక్కడైనా అన్నారా? పోర్టబుల్ అని రాసింది మీరే. ఆ మాటే లేకపోతే ఈ పథకం అడుగు కూడా కదిలేది కాదు. సార్ మిమ్మల్ని రోజూ తలుచుకుంటారు."

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో టీచరమ్మ ఎవరికీ అడ్డు చెప్పలేదు. ఆరోజు వెళ్లి వ్యాను తలుపుకి అడ్డంగా నిలబడింది. "పిల్లలు ఒక్కసారి ముట్టుకుంటే గానీ కదలనివ్వను" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు, పక్కకీ జరగలేదు. విలేకరులు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. పి.ఏ. గడియారం చూసుకుని, మూడు నిమిషాలు ఇచ్చాడు.

అందరికన్నా బాగా నేర్చుకున్న రెండు జడల పిల్ల ముందు కూర్చుంది. మెట్టు నొక్కింది. చప్పుడు లేదు. గట్టిగా నొక్కింది. పక్కది నొక్కింది. తర్వాత నల్లది. వెనక ముప్ఫైమంది ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"టీచర్, ఇది కూడా మీరే పాడాలా?" అని అడిగింది ఆ పిల్ల.

మరమ్మతుల కోసమని వ్యానులో వచ్చిన దుకాణదారు టీచరమ్మ పక్కకి వచ్చాడు. పిల్లల వైపు చూడలేక నేల చూస్తూ గొంతు తగ్గించి చెప్పాడు. "మెట్ల తీగలు నేనే తీసేశానమ్మా. నాలుగో బడిలో పాట మధ్యలో సార్ వేలు నిజంగానే గట్టిగా పడింది. అది టీవీలో వచ్చింది. తీసెయ్యమన్నారు. ఇప్పుడు డెమో ఒక్కటే మోగుతుంది."

ఆవిడ వ్యాను తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగింది.

దుకాణదారు వెళ్లబోయి ఆగాడు. "షాపు పదింటికి తెరుస్తాను. ఆ పన్నెండు కిలోలది ఇంకా అమ్ముడుపోలేదు. పొద్దున్నే ఏడింటికి పిల్లల్ని తీసుకురండి. తాళం తీసి ఉంచుతాను."

మర్నాటి నుంచి బస్సు డిపో సందులోంచి రోజూ పొద్దున్నే ముప్ఫై ఒక్కమంది వరసగా వెళ్లేవాళ్లు. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు దుకాణం గడప మీదా, పేవ్‌మెంటు మీదా కూర్చుని తొడల మీద వేళ్లు ఆడించేవాళ్లు. మొదటి వారం ప్రతి స్వరానికీ ఉలిక్కిపడ్డారు. మూడో వారానికి ఉలికిపాటు పోయింది. రెండో నెలకి, తప్పు స్వరం పడితే గడప మీద కూర్చున్నవాళ్లే ముందు మొహం చిట్లించడం మొదలైంది. టీచరమ్మకి ఇంక పాడాల్సిన పని లేకపోయింది. చేతులు కట్టుకుని వింటూ నిలబడేది.

పరీక్షలో ఇరవై నలుగురు గట్టెక్కారు. ఆవిడ జాబితా రెండుసార్లు లెక్కపెట్టుకుని ఇంటికెళ్లి చెప్పింది.

"మరి ఆ ఏడుగురూ?" అంది అత్తగారు.

"వచ్చే ఏడు, అత్తయ్యా."

"వచ్చే ఏడు అంటున్నావంటే తరగతి ఉన్నట్టే" అని అత్తగారు మొదటిసారి నవ్వింది.

ఈ ఫలితం మంత్రిగారి దాకా వెళ్లింది. పథకానికి ముందు సున్నా, పథకం తర్వాత ఇరవై నాలుగు. టౌను హాల్లో సభ పెట్టారు. ఉత్తమ నిపుణురాలిగా టీచరమ్మకి సన్మానం, ఆపైన రెండు నిమిషాల ప్రసంగం. చదవాల్సింది పి.ఏ. ముందే టైపు చేయించి పంపాడు. అందులో ధన్యవాదాలు పదకొండు చోట్ల ఉన్నాయి. ఆవిడ చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఏం చెబుతావే?" అంది అత్తగారు.

"జరిగింది చెబుతాను."

"మరి మీ పి.ఏ. ఊరుకుంటాడా?"

"తెలీదు అత్తయ్యా. ఊరుకోకపోతే ఏంచేస్తాడు?"

వేదిక మీద ఆవిడ చెప్పింది. తన పిల్లలు ఆ పియానో మీద నేర్చుకోలేదని, దాని మెట్లకి తీగలే లేవని, ఒక దుకాణదారు మంచితనం వల్ల ఇరవై నలుగురు నిలబడ్డారని, మిగతా నూట పదకొండు బడుల పిల్లలు ఇంకా బెంచీలే నొక్కుతున్నారని. గొంతు వణకలేదు. హాలు పెద్దది. స్పీకర్లు గోడల పొడవునా జనం వైపు తిరిగి ఉన్నాయి, వాటిలోంచి ఏం వస్తోందో వేదిక మీదికి వినబడదు. మైకు తీగ పి.ఏ. కుర్చీ కిందనుంచి వెళ్తోంది. ఆవిడ ముగించగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా లేచి కొట్టారు. "ఎంత బాగా చెప్పారమ్మా" అన్నారు. ఆవిడకి ఒళ్లు దూదిపింజలా తేలికైంది. రేపటి పేపరుతో ఏమవుతుందో కానీ, ఏమైనా సరేననుకుంది.

పొద్దున్నే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని పేపరు తెరిచింది. మూడో పేజీలో ఫొటో ఉంది. కింద వార్తని కూడబలుక్కుంటూ పైకి చదివింది:

"సన్మానానికి స్పందించేందుకు లేచిన ఉపాధ్యాయురాలు ఆనందం పట్టలేకపోయారు. గొంతు పెగలక, రెండు నిమిషాల పాటు పెదవులు మాత్రం కదిపి కూర్చున్నారు. తమ పథకానికి ఇంతకు మించిన ప్రశంస లేదని మంత్రిగారు అన్నారు."