వేగంలో ఫస్టు వచ్చిన మెషిన్

ఒక పెద్ద అడవిలో, మాటిమాటికీ పొంగే వాగు పక్కన, జంతువులన్నీ కలిసి ఒక కంప్యూటర్ పెట్టుకున్నాయి. కొండమీద ఎంత వాన పడిందో చెబితే చాలు, వాగు ఒడ్డు దాటుతుందో లేదో లెక్కగట్టి చెప్పేది. దాన్ని నడిపేది తాబేలు కూర్మయ్య. జవాబు రావడానికి గంపెడు రేగుపళ్లు తినేంత సేపు పట్టేది. పడితే పట్టింది, ఒక్కనాడూ తప్పు చెప్పలేదు.

ఏనుగు ప్రెసిడెంటుగారికి అంత ఓపిక ఎక్కడిది! కొండముచ్చు తెచ్చిన కొత్త మెషిన్‌కీ దీనికీ పోటీ పెట్టించాడు.

పరీక్షాధికారి కొంగ. మెళ్లో స్టాప్‌వాచ్. ఆయన దగ్గర ఉన్నది ఒకే ప్రశ్న, తాతలనాటిది: "జానెడు వాన పడితే వాగు ఒడ్డు దాటునా?" అది అడవిలో అందరికీ తెలుసు. కొండముచ్చు జవాబు ముందే మెషిన్‌లో పెట్టి తెచ్చాడు.

"జానెడు..." అని కొంగ అన్నాడో లేదో, "ఒడ్డు దాటదు!" అంది కొత్త మెషిన్.

"అబ్బ! ప్రశ్న పూర్తి కాకుండానే!" కొంగ మురిసిపోయాడు.

"అయ్యా, ఇంకో ప్రశ్న అడిగి చూడండి" అన్నాడు కూర్మయ్య.

"ప్రశ్న మారిస్తే పోలిక ఎలా కుదురుతుందయ్యా? రూల్స్ తెలీవూ?"

అంతే, పాత కంప్యూటర్‌ని అవతల పారేశారు. కూర్మయ్య దాన్ని వీపున వేసుకుని గుట్టమీది తన ఇంటికి మోసుకుపోయాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది!

శ్రావణంలో కొండమీద రెండు మూరల వాన కొట్టింది. ఒడ్డున బొరియలో కాపురముండే కుందేలు శేషమ్మ కొత్త మెషిన్ దగ్గరికి పరిగెత్తింది.

"నాయనా, రెండు మూరల వానట. ఐదుగురు పసిపిల్లలు. గుట్టెక్కమంటావా?"

"ఒడ్డు దాటదు!"

"ఎంత చురుకో నా తండ్రి!" అని శేషమ్మ నిశ్చింతగా ఇంటికెళ్లి పిల్లల్ని పడుకోబెట్టింది.

ఇంతలో కూర్మయ్య రొప్పుతూ దిగొచ్చాడు. "పాతదాన్ని అడిగానమ్మా, ఇప్పుడే చెప్పింది. ఒడ్డు దాటుతుందట! ముందు పిల్లల్ని నా వీపుమీద కూర్చోబెట్టు!"

ఐదో పిల్ల ఎక్కేసరికి బొరియలోకి నీళ్లు వచ్చేశాయి. పిల్లలందరూ దక్కారు, తల్లి దక్కింది. కొత్త మెషిన్ పెట్టిన ఆఫీసు మాత్రం కొట్టుకుపోయింది. కొత్త మెషిన్ వరదలో తేలిపోతూ కూడా "ఒడ్డు దాటదు, ఒడ్డు దాటదు" అంటూనే ఉంది.

మర్నాడు గుట్టమీద మీటింగు పెట్టారు. వరదలో సైతం వేగం తగ్గనందుకు కొండముచ్చుకి శాలువా కప్పారు. జవాబు ఆలస్యంగా తెచ్చినందుకు కూర్మయ్యకి నోటీసు ఇచ్చారు.

నీతి ఏమిటంటారా? మునిగితే మునిగాం గానీ, టైముకి మునిగాం!