గసగసాల బోల్టులు

మనిషి మొహం ఒక్కసారి చూస్తే చాలు, దొంగో దొరో చెప్పేస్తాను. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంతవరకూ ఒక్కసారి తప్పలేదు. చిన్నప్పుడు మా బడిలో ఎవరి పలక పోయినా పంతులుగారు ఇంకెవర్నీ అడిగేవారు కాదు, నన్నే పిలిచేవారు. గంట తిరక్కుండా పలక తెచ్చి బల్లమీద పెట్టేవాణ్ణి. అలాంటివాణ్ణి కాబట్టే మా వీధి అట్టలాయన ఇంట్లో జరిగిన బోల్టుల దొంగతనం గురించి చెప్పే హక్కు నాకుంది.

అట్టలాయన అంటే పుస్తకాలకు అట్టలు కట్టే ఆయన. నలభై ఏళ్ళుగా అదే పని. చిరిగిన నిఘంటువు కట్టు విప్పి, కుట్టి, వీపుకి గుడ్డ అంటించి, అట్ట తొడిగి ఇచ్చాడంటే సొంతదారు పోయినా పుస్తకం పోదు. అంతటాయన ఒక సోమవారం పొద్దున్న, దుకాణం తెరవడానికి ఇంకా రెండు గంటలుందనగా, ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎడమ కంటికి భూతద్దం. కుడిచేతిలో సన్న పట్టుకారు. యుద్ధటాంకు మీద గసగసాలు అంటిస్తున్నాడు.

టాంకంటే నిజం టాంకు కాదు, జానెడు నమూనా. అసలు బండిలో ముప్పై అయిదు అంగుళాలున్నది ఇందులో ఒక్క అంగుళం. ఒళ్ళంతా పుస్తకాల అట్టే. ముందురోజు ఆదివారానికే ఆకారం తయారై కూర్చుంది, మిగిలింది సన్న పని. స్టేప్లర్ పిన్నులు వంచి మూతకి పిడులు పెట్టాడు. మైనం పూసిన కుట్టుదారం మూడు పేటలు మెలేసి, బండిని లాగే ఇనపతాడు చేశాడు. చీపురుపుల్ల కొస చెక్కి వైర్‌లెస్ కడ్డీ నిలబెట్టాడు. ఇక పక్క రేకుల మీద బోల్టు తలకాయలు. వాటికి చాలా ఆలోచించి, చివరికి వంటింట్లో గసగసాల డబ్బా దగ్గర ఆగాడు. గుండ్రం సరిపోయింది, కొలత సరిపోయింది.

ఇదంతా ఎదురింటి మెకానిక్కు పెద్దాయన కోసం. ఆయన వయసులో ఉండగా సైన్యంలో టాంకులు బాగుచేసేవాడు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. తన బండిని ఒక్కసారి చేత్తో తడిమి చూసుకోవాలని ఆయన కోరిక.

"రంగు సంగతి నాకొద్దయ్యా, అది చూసేవాళ్ళకి. నాకు బోల్టులు కావాలి. చీకట్లో ఆ బోల్టులు తడుముకుంటూనే పైకెక్కేవాణ్ణి. ఒక్కో పక్క యాభై ఆరు. ఒకటి తగ్గినా నా బండి కాదది" అన్నాడు.

రంగు పడ్డాక తప్పు దిద్దడం కుదరదు. అందుకని ఆదివారం పెద్దాయన వచ్చి తడిమి సరేనంటే, సోమవారం రంగు. అలా ఒప్పందం.

"ఏమండీ, అవి నా డబ్బాలో గసగసాలేనా?" అని వంటింట్లోంచి వచ్చింది ఆయన భార్య.

"చిటికెడేనే."

"ఆ గిన్నె?"

"మైదా జిగురు. మైలుతుత్తం కాస్త కలుపుదామని..."

అట్టలు కట్టేవాళ్ళు జిగురులో ఆ నీలం మందు కలుపుతారు, పురుగు ముట్టకుండా.

"నేను పిండి కలిపే గిన్నెలో విషం కలుపుతారా? కలిపి చూడండి చెబుతా!"

ఆయన కలపలేదు. భార్య మాట వినే మొగుడు.

ఆ ఇంట్లో మూడో మనిషి కండక్టరు, ఆవిడ తమ్ముడు. బస్సుల్లో ముప్పై మూడేళ్ళు టిక్కెట్లు కొట్టి రిటైరై, అద్దెగది ఖాళీ చేసి, "నాలుగు రోజులుండి పోతానక్కా" అని సూట్‌కేసుతో దిగాడు. ఏడు నెలలైంది. పెళ్ళీపెటాకులూ లేవు. అక్క తప్ప వెనకాముందూ ఎవరూ లేరు. పొమ్మంటే పోవడానికి చోటు లేదన్న సంగతి ముగ్గురికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అట్టలాయన మాత్రం నెల మారినప్పుడల్లా క్యాలెండరు కాగితం కాస్త గట్టిగా చింపుతాడు.

సోమవారం నూట పన్నెండు బోల్టులూ అంటించి దుకాణానికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి భూతద్దం పెట్టి లెక్కపెడితే నూట మూడు. బల్లకింద వెతికాడు. చాప దులిపాడు. తన చొక్కా జేబు కూడా చూసుకున్నాడు.

"బల్ల దగ్గరికేమైనా వెళ్ళావా?" అని బావమరిదిని అడిగాడు.

"లేదు బావా."

"మధ్యాహ్నమంతా ఏం చేశావు?"

"పడుకున్నా."

"ఎంతసేపు?"

"అన్నం తిన్నప్పట్నించీ అక్క టీ తెచ్చేదాకా."

అట్టలాయన "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" మంచిది కాదు. గసగసాలు తింటే నిద్ర ముంచుకొస్తుందని ఆయన ఎక్కడో చదివాడు. కుట్టడానికొచ్చిన పుస్తకాలన్నీ చదువుతాడు, అదొక రోగం.

"తొమ్మిది గింజలు తిని మనిషి మూడు గంటలు పడుకుంటాడా?" అంది భార్య.

"కొందరి ఒంటికి అంతే చాలు" అన్నాడు ఆయన.

మంగళవారం పొద్దున్న ఖాళీలు పూరించి వెళ్ళాడు. సాయంత్రానికి తొంభై ఏడు. ఆ రోజు కండక్టరు టీ టైము దాటాక కూడా లేవలేదు. ఇంకేం కావాలి? బుధవారం గసగసాల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి, తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"మామా, మీరు మొహం చూసి చెప్పేస్తారు కదా. మావాణ్ణి ఒకసారి చూసిపెట్టండి."

వెళ్ళాను. కండక్టరు వరండాలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. పైనుంచి కిందికి ఒక చూపు చూసి, "వీడే" అన్నాను. ఇందాక మొదట్లో కొట్టిన గొప్ప ఇక్కడే దించేసుకుంటే మంచిది, మోయలేకపోతున్నాను. నేను చెప్పింది శుద్ధ తప్పు. ఆ మాటకొస్తే బడిలో పలకలు అంత తొందరగా ఎలా దొరికేవంటే, దాచింది నేనే.

తప్పు చెప్పి ఊరుకున్నానా? సలహా కూడా ఇచ్చాను. "బల్ల చుట్టూ నేలమీద మొహానికి రాసుకునే పౌడరు చల్లు. దొంగ అడుగులు పడతాయి" అన్నాను.

గురువారం ఆయన డబ్బాడు పౌడరు చల్లి, తను గుమ్మం దాకా గెంతుకుంటూ వెళ్ళి, దుకాణానికి పోయాడు. సాయంత్రం వచ్చేసరికి నేల అద్దంలా మెరుస్తోంది. బోల్టులు తొంభై ఒకటి.

"చూశావా! తీసుకుపోవడమే కాదు, ఊడ్చి మరీ వెళ్ళాడు!"

"ఊడ్చింది నేనండీ."

"నువ్వా? ఎందుకూడ్చావు?"

"ముప్పై ఆరేళ్ళుగా ఊడుస్తున్నా, ఇవాళేనా అడిగేది? ఎవరో గదంతా పౌడరు ఒలకబోస్తే చూస్తూ కూర్చోవాలా?"

"సాక్ష్యమంతా చేటలోకెత్తావు. తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావు!"

ఆవిడ చీపురు గోడకానించి, కొంగు నడుముకి దోపింది.

"ఓహో, ఇదన్నమాట సంగతి. పొద్దున్న అంటించేదీ మీరే, సాయంత్రం పీకేదీ మీరే. నా తమ్ముణ్ణి పంపించడానికి ఇంత టాంకు కట్టాలా? నోటితో ఒక్క ముక్క చెబితే పోయేది!"

"నేను పీకుతానా? నా చేతి పని నేను పీకుతానా?"

"మీరు కాక ఇంట్లో ఇంకెవరికి కనబడతాయవి? భూతద్దం మీ దగ్గరే ఉంది!"

పక్కగదిలో పడుకున్న కండక్టరు ఆ రోజు నిద్రపోవడం లేదు. అంతా విన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అక్క పక్కింటికెళ్ళిన సమయం చూసి, అతను బల్ల దగ్గరికొచ్చాడు. భూతద్దం లేదు, అది బావ జేబులో ఉంది. గసగసాలు బీరువాలో ఉన్నా, బల్లమీద మూకుడులో కాసిని మిగిలాయి. గిన్నెలో జిగురు ఉంది. ఇంత గొడవా బోల్టుల కోసమే కదా, ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. కళ్ళు చికిలించి, ఖాళీగా కనబడ్డ చోటల్లా ఒక గింజ అంటించుకుంటూ పోయాడు.

సాయంత్రం అట్టలాయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మొహం కడుక్కొచ్చి మూడోసారి లెక్కపెట్టాడు. నూట ముప్పై ఒకటి.

తగ్గితే దొంగతనం. పెరిగితే ఏమనాలి?

"నేనే బావా" అన్నాడు కండక్టరు, పతకానికి నిలబడ్డవాడిలా. "లోటున్న చోటల్లా పెట్టేశా. బస్సులో ఒక్క సీటు ఖాళీగా కనబడినా నాకు మనసొప్పదు."

అట్టలాయన భూతద్దం మెల్లిగా కిందపెట్టాడు.

"తియ్యనివాడికి తిరిగి పెట్టాల్సిన పనేమిటోయ్?"

కండక్టరు అక్క వైపు చూశాడు. ఆవిడ తమ్ముడి తరఫున ఎంత పోట్లాడిన మనిషైనా, ఆ ఒక్క క్షణం అతని వైపు ఒక చూపు చూసింది. 'నువ్వు కాదు కదరా?' అన్న చూపు. వెంటనే దించేసుకుంది కానీ అప్పటికే అతనికి అందిపోయింది.

శనివారం మంచం కింద నుంచి సూట్‌కేసు బయటికొచ్చింది.

"ఎక్కడికిరా?" అంది అక్క.

"రేపు పదింటి బస్సుకి."

"ఆ బస్సెక్కడికి?"

"ఎక్కడికెళ్తే అక్కడికే అక్కా. ముప్పై మూడేళ్ళు అందర్నీ దింపాను. నన్నూ ఎవరో ఒకరు దింపుతారు."

అట్టలాయన వినబడనట్టు, ఎక్కువైన బోల్టులు గీకుతూ కూర్చున్నాడు. గీకడం అయిపోయినా బల్లమీంచి తల ఎత్తలేదు. భార్య ఆ పూట ఆయనకి అన్నం వడ్డించింది కానీ మాట వడ్డించలేదు.

ఆదివారం అట్టలాయన పొద్దున్నే లేచి, పక్కకి యాభై ఆరు సరిచూసి, కుర్చీలోంచి కదలకుండా కాపలా కాశాడు. తొమ్మిదిన్నరకి మెకానిక్కు పెద్దాయన నా భుజం పట్టుకుని వచ్చాడు. కండక్టరు సూట్‌కేసు పక్కన పెట్టుకుని గుమ్మంలో చెప్పుల పట్టీ సర్దుకుంటున్నాడు. ఆ పట్టీ అరగంట నుంచీ సర్దుతూనే ఉన్నాడు.

పెద్దాయన టాంకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు చక్రాల మీద నడిచాయి. ఫిరంగి గొట్టం కొస దాకా వెళ్ళి వచ్చాయి. దారం తాడు దగ్గర ఆగి, "ఇదేనయ్యా, ఈ ముడి ఇక్కడే వేసేవాళ్ళం" అన్నాడు. తర్వాత కుడిపక్క బోల్టుల మీద చూపుడువేలు పెట్టి లెక్క మొదలుపెట్టాడు.

"ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి... ఇదేంటి? ముప్పై ఒకటి నడుస్తోంది."

"నడవడమేంటండీ?"

"ఇక్కడుంది. ఇప్పుడక్కడికెళ్ళింది. ఆఁ, పట్టుకున్నా... అబ్బా!" అని వేలు దులిపాడు. "పదేళ్ళు ఆ బండితో కాపురం చేశానయ్యా, ఒక్క బోల్టూ కరవలేదు!"

టాంకు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఊపాడు. లోపల ఇసక జారినట్టు సర్రుమంది.

"మా బండిలో నలుగురమే పట్టేవాళ్ళం. ఇందులో ఊరంతా ఎక్కింది" అన్నాడు.

అట్టలాయన పట్టుకారుతో పైమూత ఎత్తాడు. చీమలు. పాత న్యూస్‌పేపరు పరిచి బోర్లిస్తే, చీమలతోపాటు గుట్టగా గసగసాలు. ఒక్క గింజ కూడా ఇల్లు దాటి పోలేదు. జిగురు నాకి, బోల్టు ఊడదీసి, మూత సందులోంచి లోపలికి మోసుకుపోయి, జాగ్రత్తగా దాచుకున్నాయి. వానాకాలానికి సరిపడా.

మందు కలపని మైదా. కలపనివ్వనిదెవరో ఆయనకి చప్పున గుర్తొచ్చింది. భార్య వైపు తిరిగాడు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ వారంలో ఆయనకొచ్చిన అనుమానాల్లో కాస్త నిజమున్నది అదొక్కటే. దాన్ని మాత్రం గుటుక్కున మింగేశాడు.

"పోనీలే, మళ్ళీ అంటించు. ఈసారి మందేసి. వచ్చే ఆదివారం వస్తా, అప్పటిదాకా రంగు జోలికెళ్ళకు" అన్నాడు పెద్దాయన, వేలు నోట్లో పెట్టుకుని.

అప్పుడు అట్టలాయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. బావమరిది రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పైపోయిందోయ్. ఈ ఇల్లు నీది. నువ్వు లేకపోతే నాకు తోచదు. నన్ను క్షమించు" అన్నాడు. కండక్టరు గొల్లుమన్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. వీధి చివర పదింటి బస్సు ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది.

చీమలు నిజం, పౌడరు నిజం, పెద్దాయన వేలు వాచింది నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఆ క్షమాపణ. ఆయన చేతులూ పట్టుకోలేదు, కళ్ళనీళ్ళూ పెట్టుకోలేదు. జేబులోంచి భూతద్దం తీసి కండక్టరు చేతిలో పెట్టి, "ఎడమపక్క నువ్వు చూడు. యాభై ఆరే, ఒక్కటి ఎక్కువైనా ఊరుకోను" అన్నాడు. బల్ల దగ్గర రెండో కుర్చీ లేదు. కండక్టరు సూట్‌కేసు లాక్కుని, దానిమీద కూర్చుని, పని మొదలుపెట్టాడు.