జానమ్మ ‘కొడుకా’ అన్నందుకు

ఆ పొద్దున జానమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. మొదటి బస్సుకు నల్లగొండ పోవాలి, మనుమరాలు మల్లిక కబడ్డీ ఆడుతుంటే కళ్లారా చూడాలి, బర్రె పాలు పిండే వేళకు ఊళ్లో దిగాలి. జిల్లా జట్టుకు ఆడపిల్లలను ఎంపిక చేసేది ఆ రోజే. ఎంపికైతే క్రీడా హాస్టల్లో సీటు దొరుకుతుందని శ్రీవాణి టీచర్ చెప్పింది. తల్లి లేని పిల్ల. తండ్రి చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ పండుగకో పబ్బానికో కనబడతాడు. తన మోకాళ్లు ఇంకెన్నాళ్లు నడుస్తాయో జానమ్మకు నమ్మకం లేదు. ఆ సీటు వస్తే పిల్లకు ఒక నీడ దొరికినట్టే.

జానమ్మ గొంతు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఆమె తన బర్రెను కేకేస్తే, నాలుగు ఊళ్ల అవతల పానగల్‌లో ఎవరిదో బర్రె తాడు తెంపుకొని వచ్చి ఆమె దొడ్లో నిలబడిందట. నమ్మనివాళ్లు వెళ్లి ఆ బర్రెను అడగవచ్చు.

నల్లగొండ మైదానంలో మల్లిక కూతకు పోగానే, గీత పక్కనుంచి ఆ గొంతు లేచింది. “ఉరుకు కొడుకా! ముట్టు కొడుకా! నా బంగారు కొడుకా!”

కొడుకు ఉరికింది. ముగ్గురిని ముట్టి వచ్చింది.

అవతలి జట్టు పీఈటీ కృష్ణకాంత్ పట్నంలో పుట్టి పెరిగినవాడు; ఆడపిల్లను ముద్దుగా ‘కొడుకా’ అంటారని ఎరగడు. ఆయన మల్లికను పైనుంచి కిందికి చూశాడు. నున్నటి గుండు. జ్వరం తగ్గితే యాదగిరిగుట్టకు పోయి మొక్కు చెల్లించి వచ్చారు, వెంట్రుక ఇంకా మొలవలేదు. ఆటకు అడ్డమని చెవుల కమ్మలు కూడా తీయించారు. ఆయన చెయ్యెత్తి ఆట ఆపించాడు. “సార్, అమ్మాయిల ఆటలో అబ్బాయిని దించారు!”

పంచాయితీ డేరా కిందికి చేరింది. కమిటీ పెద్ద రఘుపతి సారు కాగితాలు తిరగేశాడు. “ఇందుల ఆడపిల్లనే అని ఉంది గదా.”

“కాగితం తప్పు పడొచ్చు సార్. ఇంటి మనిషి నోరు తప్పు చెప్తుందా? అడగండి.”

“ఏమ్మా, గీ పిల్ల నీకేమైతది?”

మెచ్చుకోవడానికే పిలిచారనుకుంది జానమ్మ. “నా కొడుకు సారూ! కన్న కొడుకున్నా లేనట్టే. గీ కొడుకే నన్ను సాకుతాంది.”

శ్రీవాణి టీచర్ నెత్తి కొట్టుకుంది. “అవ్వా, మనుమరాలని చెప్పు!”

“మనుమరాలే. కాని నాకు కొడుకే.”

“చూశారా, మాట మారుస్తోంది,” అన్నాడు కృష్ణకాంత్.

జానమ్మ చుట్టూ చూసింది. వాళ్ల ఊరి ఎల్లస్వామి, ఆమెకు మరిది వరస, జనంలో కనబడ్డాడు. “మరిదీ, నువ్వన్న జెప్పు జర!”

ఎల్లస్వామి నెత్తి తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. పిల్లను పొగడాలన్నదే ఆయన ఆత్రం. “మొగపోరడే సార్! మా ఊళ్ల ఎవర్నన్న అడుగుండ్రి. మొన్న నా ట్రాక్టర్ బురదల దిగవడితే గీ పోరడే నెట్టిండు!”

“గట్ల జెప్పు!” అని చప్పట్లు కొట్టబోయిన జానమ్మ, టీచర్ మొహం చూసి చేతులు దించుకుంది.

అయితే మగపిల్లల్లోనే ఆడించమన్నారు కమిటీవాళ్లు. పక్కన మగపిల్లల డేరా సారు కాగితం చూసి కసురుకున్నాడు. “మా దాంట్లకు ఆడపిల్లను తోలుకొచ్చిన్రేంది? నడువుండ్రి!” ఒక డేరాలో మగపిల్లవాడు, ఇంకో డేరాలో ఆడపిల్ల. రెండింటి నడుమ ఎండలో మల్లిక నిలబడింది.

“దవాఖానకు పంపి పరీక్ష చేయిద్దాం,” అన్నాడు కృష్ణకాంత్.

మల్లిక వచ్చి కొంగు పట్టుకుంది. “అవ్వా, నన్నేం పరీక్ష జేస్తరు?”

జానమ్మ పిల్లను తన వెనక్కు జరుపుకుంది. రఘుపతి సారుకు చేతులు జోడించింది. “తప్పు నాది సారూ. నా నోరు వడిపోను. దాన్ని మాత్రం ఎవ్వరు ముట్టుకోవద్దు.”

అప్పుడే రఘుపతి సారు ఫోను మోగింది. “ఆఁ, చెప్పు కొడుకా! తిన్నవా? పొద్దుగూకెవరకు వస్త, ఫికర్ చెయ్యకు.”

కళ్లు తుడుచుకుంటూనే అడిగింది జానమ్మ. “కొడుకా సారూ?”

“కాదమ్మా, బిడ్డ. నిహారిక అని, డిగ్రీ సదువు...” అంటూ ఆయన ఆగిపోయాడు.

డేరా కింద ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. కృష్ణకాంత్ కూడా దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“పిల్లను ఆడనియ్యుండ్రి,” అన్నాడు రఘుపతి సారు. “కాని అమ్మా, నువ్వు మల్ల ఒర్రకు. ఇంకెవరన్న లేస్తే నాతోని గాదు.”

జానమ్మ సరేనని మాటిచ్చి జనం వెనక్కు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మల్లిక కూతకు పోయింది. సగంలో తల తిప్పి, అవ్వ ఇందాక నిలబడ్డ గీత వైపు చూసింది. పట్టేశారు. మళ్లీ పోయింది, మళ్లీ అటే చూసింది. మళ్లీ పట్టేశారు. జానమ్మ కొంగును పళ్ల మధ్య అదిమింది గాని నోరు తెరవలేదు. మాటిచ్చింది మరి.

ఆట పోయింది. చెట్టు కింద మల్లిక మోకాలి దుమ్ము దులుపుతూ జానమ్మ అడిగింది. “ఎందుకు బిడ్డా, మాటిమాటికి అటే జూసినవ్?”

“సప్పుడు లేకపాయె గదా అవ్వా. నువ్వు ఎల్లిపోయినవనుకున్న.”

మల్లిక ఆడపిల్లల పోటీకి అన్ని విధాలా అర్హురాలేనని, ఆట మీద ధ్యాస ఒక్కటే తక్కువై ఎంపిక కాలేదని ఆ సాయంత్రం కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.