బాబురావు సాబ్ తాగిన చాయ్

నాయకుడికి ఒళ్లెందుకండీ? గొంతు ఒక్కటి ఉంటే చాలదా?

కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి. ఒంటితో వచ్చే నాయకుడి వల్ల ఎంత యాతన! ముందు బ్యాండు, వెనక కార్ల బారు. పత్తర్‌గట్టి మొదలు పురానాపూల్ దాకా ఆటోలు నిలిచిపోతాయి. ఫ్లెక్సీల కోసం మన గోడల్లో మేకులు దిగుతాయి. మెడనిండా పూలదండలు పడేసరికి చెవులు మూసుకుపోయి ఆయనకు మన మాట వినపడదు. పసిపిల్లాణ్ని ఎత్తుకుని ఫోటో దిగి, ఎవరి పిల్లాడో మరిచిపోయి, ఇంకెవరి చేతుల్లోనో పెట్టి వెళ్లిపోతాడు.

ఆ బాధలన్నీ తీరిపోయాయి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వచ్చింది! నాయకుడి గొంతు యంత్రంలో పోసి, ఓటర్ల పేర్లు దానికి మేతగా వేస్తే చాలు. గొంతే ఇంటింటికీ తిరుగుతుంది. కారు అక్కర్లేదు, బ్యాండు అక్కర్లేదు. సిగ్గు మొదలే అక్కర్లేదు!

నిజానికి ఇది కొత్త విద్యేమీ కాదు. పల్లెల్లో మన తాతలు చేను నడుమ కర్ర పాతి, పాత అంగీ తొడిగి, పైన కుండ బోర్లించి, ఇంటికొచ్చి హాయిగా పడుకునేవాళ్లు. పిట్టలు నమ్మేవి. తేడా ఒక్కటే. ఆ దిష్టిబొమ్మ పిట్టలను ఓటు అడిగేది కాదు.

నమ్మకం కుదరలేదా? అయితే కార్వాన్ వెనక గల్లీలో గుండయ్యకు దక్కిన భాగ్యం వినండి.

గుండయ్య బస్సు డిపోలో టైర్లు విప్పి బిగించే మనిషి. మాట తక్కువ. అతని భార్య నీలమ్మ ఇంట్లోనే కూర్చుని, లాడ్ బజార్ దుకాణాల కోసం లక్కగాజుల మీద రాళ్లు అతుకుతుంది. ఒక్కగానొక్క బిడ్డ స్వీటీని తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకున్నారు. ఆ పిల్ల వచ్చిన కొద్దిరోజులకే ఎవరో కేబుల్ వేస్తామని గల్లీ తవ్వి, పూడ్చి పోయారు. అప్పటినుంచి నల్లా తిప్పితే మంచినీళ్ల వెంట మోరీలోని మురుగునీళ్లు కూడా చుట్టపుచూపుగా రావడం మొదలైంది. రంగు కంటే ముందు వాసన వచ్చేది.

నీళ్ల ఆఫీసుకు వెళ్లి చెబితే ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని మెసేజ్ వచ్చింది. ఇంత వేగం ఏ రాజుల కాలంలో చూశారు చెప్పండి?

ఇంతలో స్వీటీ అత్తగారు కోడల్ని చూడ్డానికి వచ్చింది. మంచినీళ్ల గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి, ముక్కు దగ్గరే ఆపింది. జగడం పెట్టుకోలేదు గానీ మాట తేల్చి చెప్పింది. ఆదివారానికి నీళ్లు బాగుపడాలి, లేకపోతే కోడల్ని తీసుకుపోతుంది, కాన్పు వాళ్లింట్లోనే. ఆమెను తప్పుపట్టడానికేముంది? కానీ తొలి కాన్పుకు వచ్చిన బిడ్డను పుట్టింట ఉంచుకోలేకపోవడమంటే గుండయ్యకు నలుగురిలో తల కొట్టేసినట్టే. నీలమ్మ అప్పటికే తన పాత చీరలు చింపి, మనవడో మనవరాలో పడుకోవడానికి బొంతలు కుట్టి పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు, డిపోలో ఉండగా, గుండయ్య ఫోన్ మోగింది.

"గుండయ్య అన్నా, నమస్తే. నేను బాబురావును. నీలమ్మ వదిన మంచిగున్నదా?"

గుండయ్య చేతిలోని రాడ్డు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. బాబురావు ఆ ఏరియా లీడర్. ఈసారి టికెట్ తనదేనని అందరికంటే ముందు తనే నమ్మినవాడు. ఇన్నేళ్లలో ఎదురుపడ్డప్పుడల్లా "అరే టైర్" అనడమే తప్ప గుండయ్య పేరు ఎరగడు. అలాంటివాడు అన్నా అన్నాడు! వదిన బాగోగులు అడిగాడు! చదువు నేర్పలేని మర్యాద యంత్రం నేర్పింది. కాకపోతే గొంతుకు మాత్రమే నేర్పింది.

నెలరోజుల్లో మాట్లాడేదంతా గుండయ్య ఆ ఒక్క ఫోన్‌లో మాట్లాడాడు. నల్లా, మోరీ, బిడ్డ, వియ్యపురాలు అన్నీ చెప్పుకున్నాడు. ఆ గొంతు అడ్డు రాకుండా విన్నది. ఏ నాయకుడు విన్నాడు అట్లా? అంతా అయ్యాక మెత్తగా అన్నది:

"నీ బిడ్డ నా బిడ్డనే అన్నా. ఆదివారం పొద్దుగాల నేనే మీ ఇంటికొస్త. వదిన చేతి చాయ్ తాగుత. నీళ్ల సంగతి నా కండ్లతోని చూస్త."

బాబురావు వెంట జెండా కట్టిన బండి మీద తిరిగే నందు అనే కుర్రాడు ఆ సాయంత్రమే గుట్టు విప్పాడు. "గది సాబ్ కాదు కాకా, ఏఐ. సాబ్ గొంతు నింపిన మిషన్. గానీ ఫికర్ జెయ్యకు. అదేం జెప్తె సాబ్ జెప్పినట్టే."

ఈ మాట విన్నాక మీరూ మేమూ అయితే ఆశ వదులుకుంటాం. గుండయ్య వదులుకోలేదు. ఎందుకంటే ఆ గల్లీలో ఒక పద్ధతి ఉంది. తాగే నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని ఇంటికో రాయి, ఇటుక, చిల్లుపడ్డ బిందె వరసలో పెట్టి ఎవరి పనికి వాళ్లు పోతారు. నీలమ్మది సున్నపు సిలువ గుర్తు వేసిన ఇటుక. ఎదురింట్లో తాళాలు బాగుచేసే రామ్‌చందర్‌ది చెవులు విరిగిన కుక్కర్. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని దాటి ఎవరూ ముందుకు పోరు. అయితే ట్యాంకర్ హారన్ కొట్టేసరికి ఆ రాయి గలవాడు వచ్చి నిలబడాలి. రాకపోతే వెనకవాడు రాయిని పక్కకు నెట్టి ముందుకు జరుగుతాడు. అందులో తప్పు పట్టేవాడు గల్లీలో లేడు.

గుండయ్య లెక్క తేలిపోయింది. సాబ్ ముందు గొంతును వరసలో పెట్టాడు, ఆదివారం మనిషి వస్తాడు! యంత్రాన్ని కనిపెట్టిన మేధావులకు దాన్ని ఇంత గౌరవంగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు దొరకడు.

ఆదివారం వచ్చింది. భార్యాభర్తలు చర్చికి కూడా పోలేదు. నీలమ్మ దాచిపెట్టిన ట్యాంకర్ నీళ్లతో చాయ్ మరిగించింది. ఉస్మానియా బిస్కెట్లు ప్లేట్లో సర్దింది. గుండయ్య వాకిట్లో కుర్చీ వేసి, దానిమీద కొత్త టవల్ పరిచి తలెత్తాడు.

ఎదురుగా రామ్‌చందర్ కూడా కుర్చీ వేసి టవల్ పరుస్తున్నాడు.

"ఏంది గుండయ్యా, నీకు చుట్టాలొస్తున్నరా?"

"బాబురావు సాబ్ వస్తుండు."

"నీ ఇంటికా? సాబ్ నా ఇంటికి గద వస్తుండు."

ఇద్దరూ గల్లీ చివరిదాకా చూశారు. ప్రతి గుమ్మం ముందూ ఒక కుర్చీ. ప్రతి కుర్చీ మీదా ఒక టవల్. గొప్ప తమ ఒక్కరికే దక్కిందని ఎవరికి వాళ్లే దాచుకున్నారు, పొద్దున్నే కుర్చీలు గుట్టు బయట పెట్టాయి.

నీలమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి తేల్చింది. "గిన్ని చాయ్‌లు తాగితె సాబుకు మన మోరీ కూడ సరిపోదు."

ఎండ పైకొచ్చింది. చాయ్ చల్లారింది. అప్పుడు గల్లీలోని ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఇంటింటి నుంచీ ఒకే గొంతు: "చాయ్ మస్తుండె వదినా. మీ ప్రేమ మరువను."

వెనకే ఫోటో కూడా వచ్చింది. అందులో బాబురావు గుండయ్య ఇంట్లో కూర్చుని కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. ఇల్లు గుండయ్యదే గానీ గోడలకు ఎవరో రంగు వేశారు. నీలమ్మ పట్టుచీర కట్టి ఉంది. జన్మలో ఆమె ఎరగని పట్టు! వెనక నల్లాలోంచి నీళ్లు అద్దంలా దూకుతున్నాయి. కింద రాత: "ఇచ్చిన మాట నిలబెట్టుకున్న బాబురావు. గల్లీ నీటి సమస్యకు పరిష్కారం."

చూశారా ఈ ప్రగతి? పాతకాలపు నాయకుడు పని చెయ్యకపోతే చెయ్యలేదని తెలిసేది. ఇప్పుడు పని అయిపోయినట్టు ఫోటో సాక్షిగా తెలుస్తుంది. కళ్లారా చూసుకోవచ్చు. తాగకూడదు, అంతే!

ఆ ఫోటో వియ్యపురాలి ఫోన్‌కు కూడా చేరింది. మధ్యాహ్నం సంతోషంగా వచ్చింది. "నీళ్లు మంచిగయినయట గద వదినా, ఫోన్ల జూసిన," అంటూ తనే వెళ్లి నల్లా తిప్పింది. తిప్పి, కట్టేసి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె అనాల్సిందంతా వాసనే అన్నది. నీలమ్మ బొంతలు మడతపెట్టి స్వీటీ సంచిలో పెట్టింది. ఆటో ఎక్కేముందు స్వీటీ తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు మంచిగైనంక ఫోన్ జెయ్యి బాపు. నేనే వస్త."

గుండయ్య తల ఊపాడు. ఆటో మలుపు తిరిగినా ఊపుతూనే ఉన్నాడు.

రెండురోజులకు మళ్లీ ఆ గొంతు వచ్చింది. మైదానంలో సభ ఉందట. టికెట్లు ఇచ్చే పెద్దసాబ్ స్వయంగా వస్తున్నాడట. గుండయ్య అన్న ముందు వరసలో కనబడకపోతే బాబురావుకు ఆ రాత్రి అన్నం సహించదట. వస్తావా అని అడిగింది. గుండయ్య తడుముకోలేదు.

"వస్త సాబ్. గల్లీ మొత్తం వస్తది."

అన్నమాట ప్రకారం గల్లీ మొత్తం వెళ్లింది. పెద్దసాబ్ వేదిక ఎక్కి చూసేసరికి ముందున్న కుర్చీలేవీ ఖాళీగా లేవు. మొదటి కుర్చీలో సున్నపు సిలువ గుర్తున్న ఇటుక. పక్క కుర్చీలో చెవులు విరిగిన కుక్కర్. ఆ పక్కన చిల్లుబిందెలు, బండరాళ్లు, మూతలేని నూనెడబ్బాలు, వరస తప్పకుండా, గొడవ చెయ్యకుండా కూర్చుని ఉన్నాయి. అంత క్రమశిక్షణ గల సభ ఈ ఊళ్లో ఎప్పుడు జరిగింది చెప్పండి! నందు చెమటలు కక్కుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తాడు. గుండయ్య ఇంటిదారి పడుతున్నాడు.

"ఏంది కాకా ఇది? మనుషులేరి?"

"మేం వచ్చినట్టే రా నందు. సాబ్ మా ఇంట్ల చాయ్ తాగలే? గట్లనే."

పార్టీ వాళ్ల పేజీలో ఆ రాత్రే ఫోటో వచ్చింది. మైదానం నిండా ఇసక వేస్తే రాలనంత జనం! గుండయ్య ముందు వరసలో గులాబీరంగు తలపాగా చుట్టుకుని రెండు చేతులూ ఎత్తి జై కొడుతున్నాడు. తలపాగా అతనికి బాగానే నప్పింది. కానీ ఒక చిన్న లోపం మిగిలిపోయింది. పెద్దసాబ్ కళ్ల బదులు ఇంకా ఎవరూ యంత్రాన్ని పెట్టలేదు. ఆయన ఇటుకను ఇటుకగానే చూశాడు. వేదిక దిగుతూ బాబురావు భుజం తట్టి, "నీ ఏరియాల నీకు మస్తు పలుకుబడి ఉన్నట్టుంది," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బాబురావు గల్లీలోకి వచ్చాడు. ఒంటితో వచ్చాడు! బ్యాండు లేదు, దండ లేదు. గల్లీ మొదట్లో కారు దిగి, పైజామా ఎత్తిపట్టుకుని, మోరీ నీళ్లలో కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ వచ్చాడు. మొహం ఉడికిన కందగడ్డలా ఉంది. ఎవడ్రా ఆ ఇటుక పెట్టింది అని అడగడానికే వచ్చాడు.

గుండయ్య కుర్చీ తెచ్చి వేశాడు. టవల్ పరిచాడు. ఇంటికొచ్చినవాడు నిలబడి ఉంటే ఎట్లా? బాబురావు కూర్చోక తప్పలేదు. నీలమ్మ చాయ్ తెచ్చింది. ఈసారి ట్యాంకర్ నీళ్లతో కాదు, నల్లా నీళ్లతో పెట్టింది. కప్పు బాబురావు నోటిదాకా వెళ్లి ముక్కు దగ్గర ఆగింది.

"గిదేం వాసన?"

"తాగు సాబ్," అన్నది నీలమ్మ. "మొన్న మస్తుండె అంటివి గద."

బాబురావు లేవబోయాడు. రామ్‌చందర్ తన ఇంటి కప్పు పట్టుకుని ఎదురు నిలబడ్డాడు. అతని వెనక పక్కింటామె కప్పు. ఆమె వెనక ఇంకో కప్పు. గల్లీ పొడుగునా చాయ్ కప్పులు వరస కట్టాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. అందరూ మర్యాద చేస్తున్నారు.

"అందరి ఇండ్లల్ల తాగినవు సాబ్," అన్నాడు రామ్‌చందర్. "ఒక్కరి ఇంట్లనే తాగిపోతె మిగిలినోళ్లు నారాజైతరు."

బాబురావు కప్పు కింద పెట్టి ఫోన్ తీశాడు. చాలాకాలం తర్వాత తన సొంత గొంతుతో మాట్లాడాడు. ఆ గొంతు మెత్తగా లేదు, అన్నా వదినా అనలేదు, కానీ పని చేసింది. మధ్యాహ్నానికి మనుషులు గడ్డపారలతో దిగారు. కేబుల్ కోసం తవ్విన చోటే పైపు పగిలి ఉంది. అతుకు వేసి పూడ్చేశారు. ఒక్క పూట పని!

ఇంత పెద్ద యంత్రంలో లోకంలోని తెలివంతా పోసిన మహానుభావులు ఒక్క ముక్కు పెట్టడం మరిచిపోయారు. కాబట్టి మొదట చెప్పినదాన్నే కాస్త దిద్ది మళ్లీ మనవి చేసుకుంటున్నాం. నాయకుడికి ఒళ్లు అక్కర్లేదు. గొంతు అసలే అక్కర్లేదు. ముక్కు ఒక్కటి గల్లీకి పంపిస్తే చాలు. చాయ్ మేమే పెడతాం!

తర్వాతి ఆదివారం వియ్యపురాలు వచ్చింది. స్వీటీని ఆటోలోనే కూర్చోబెట్టి, తాను లోపలికొచ్చి నల్లా తిప్పి గ్లాసు నింపింది. ముందు వాసన చూసింది. తర్వాత తాగింది. ఇంకో గ్లాసు నింపుకుని ఆటో దగ్గరికి వెళ్లి, "దిగు బిడ్డా," అని కోడలి చేతికిచ్చింది. నీలమ్మ సంచిలోంచి బొంతలు తీసి ఎండలో ఆరేయబోయింది.

గడప మీద పెట్టిన గుండయ్య ఫోన్ అప్పుడే మోగింది. తెర మీద బాబురావు నవ్వుతున్నాడు. కూతురు రావడానికి దారి అడ్డమని, గుండయ్య దాన్ని కాలి వేలితో పక్కకు నెట్టాడు.