నాలుగో పాఠంలో సూట్‌కేసు

ఆ రోజు జరగాల్సిన పనులన్నీ అమర్నాథ్ పొద్దున్నే ఒక చీటీ మీద రాసుకున్నాడు. తొమ్మిదింటికి దమ్మాం ఎయిర్‌పోర్టులో ఫ్రెంచి అతిథిని ఎక్కించుకోవాలి. పదకొండుకల్లా రాస్ తనూరా గెస్ట్‌హౌస్‌లో దించాలి. రెండింటికి అతిథి చేత సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టించాలి. మూడింటికి తన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా, కంపెనీ అది ఇవ్వందే దేశం దాటడానికి లేదు. ఏడింటికి హైదరాబాదు విమానం. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తన సూట్‌కేసు కారు డిక్కీలో పెట్టించాడు. పద్నాలుగేళ్ళ సౌదీ ఉద్యోగంలో చీటీల మీద నమ్మకం పోయింది గానీ, రాసే అలవాటు పోలేదు.

అక్కడ హైదరాబాదులో అతని భార్య శ్రీలతకు పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషన్ తేదీ రెండుసార్లు ఖాయమైంది. రెండుసార్లూ ఇతని సెలవు వాయిదా పడింది, దాని వెనకాలే ఆపరేషనూ పడింది. మత్తు ఇచ్చే ముందు మొగుడి మొహం కనబడాలన్నది ఆవిడ షరతు. నిన్న ఫోన్‌లో గొంతు కూడా పెంచకుండా చెప్పింది.

"ఎల్లుండి పదకొండింటికి థియేటర్ ఇచ్చారండీ. ఈసారీ మీరు రాకపోతే నేను మంచం దిగి ఇంటికెళ్ళిపోతాను. ఈ రాళ్ళతోనే ఉంటాను. మీకంటే ఇవే ఎక్కువ కాలం నాతో ఉన్నాయి."

కారు తోలుతున్న నర్సింలుది జగిత్యాల దగ్గర పల్లె. అద్దంలోంచి అమర్నాథ్‌ని ఓ చూపు చూశాడు.

"సార్, గీసారన్న వోతరా?"

"పోతానయ్యా. అతిథి సంతకం పెట్టడమే తరువాయి."

"పోయినసారి గూడ గిట్లనే అన్నరు."

అమర్నాథ్ కళ్ళు మూసుకున్నాడు. జవాబు చెప్పే ఓపిక లేనప్పుడు నిద్ర నటించడం అతనికి చేతనైన విద్యల్లో ఒకటి.

వాళ్ళ కంపెనీ రిఫైనరీలకు పంపుల మరమ్మతు కాంట్రాక్టులు చేస్తుంది. జనరల్ మేనేజర్ అచ్యుతరావుది గుంటూరు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. విదేశీ అతిథి నోటివెంట ఏ ఇబ్బంది వచ్చినా గంటలో కాగితం ఎక్కాలి. కాగితం ఎక్కిన ఇబ్బంది ఆ రోజే తీరాలి. ఒక్కటి తీరకపోయినా సంతృప్తి పత్రం చెల్లదు. ఆ పత్రం చెల్లేదాకా ఆయన కంప్యూటర్‌లో ఎవరి రీ-ఎంట్రీ వీసా కోసమూ వేలు కదలదు.

అతిథి పేరు ప్రెవో. యాభై ఏళ్ళ సన్నటి మనిషి, లియోన్ నుంచి వచ్చిన పంపుల నిపుణుడు. చక్రాల చేతిపెట్టె ఒకటి లాక్కుంటూ నవ్వు మొహంతో బయటికొచ్చాడు. చొక్కా జేబులోంచి నీలంరంగు చిన్న పుస్తకం ఒకటి తొంగిచూస్తోంది.

"ప్రయాణం బాగా జరిగిందా సార్?" అని ఇంగ్లీషులో అడిగాడు అమర్నాథ్.

ప్రెవో ఆగాడు. పుస్తకం తీసి ఒక పేజీ చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఒక్కో మాటా కొలిచినట్టు పలికాడు.

"చాలా బాగా జరిగింది, కృతజ్ఞతలు. కానీ దురదృష్టవశాత్తూ నా సూట్‌కేసు రాలేదు."

అన్నాక ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అమర్నాథ్ ముచ్చటపడ్డాడు. సామాను పోయినా నవ్వగలిగే జాతి! వెంటనే ఫారం తీసి రాశాడు, ఫొటో తీసి అచ్యుతరావుకు పంపాడు. అర నిమిషంలో ఫోన్ మోగింది.

"ఏవయ్యా, సూట్‌కేసు లేకుండా ఆయన్ని తీసుకొస్తావా? దొరికేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు. డూ యూ అండర్‌స్టాండ్?"

సామాన్ల కౌంటర్‌లో కూర్చున్న ఫారూఖ్‌ది హైదరాబాద్ పాతబస్తీ. అమర్నాథ్‌ని చూడగానే ఉర్దూ పక్కనబెట్టి తెలుగులోకి దిగాడు.

"ట్యాగ్ చూపియ్యి సాబ్."

"సార్, మీ బ్యాగేజీ ట్యాగ్?"

ప్రెవో మొహం వెలిగింది. రెండు పేజీలు తిప్పాడు. "విమానంలో భోజనం రుచిగా ఉంది. కానీ కొంచెం చల్లగా ఉంది."

అమర్నాథ్ రెండో ఫారం తీశాడు.

"ఏమంటుండు?" అన్నాడు ఫారూఖ్.

"అన్నం చల్లారిందట."

"గది నా కౌంటర్ గాదు సాబ్. రంగు అడుగు, సైజు అడుగు."

రంగు అడిగితే ప్రెవో తడుముకోకుండా చెప్పాడు. "నల్లనిది. నాలుగు చక్రాలున్నవి. మరీ పెద్దది కాదు. హ్యాండిల్‌కు ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది." చెప్పి, పరీక్ష బాగా రాసిన కుర్రాడిలా అటూ ఇటూ చూశాడు. ఫారూఖ్ వెళ్ళి వెతికి, ముప్పావుగంట తర్వాత చెమట తుడుచుకుంటూ వచ్చాడు. నల్లవి, నాలుగు చక్రాలవి పదకొండు ఉన్నాయట. ఎర్ర రిబ్బన్ దేనికీ లేదు. ప్రెవో ప్రతి పెట్టెకూ మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. పదకొండో పెట్టె దగ్గర ఫారూఖ్‌కు చెయ్యి కూడా కలిపాడు.

కారు రాస్ తనూరా దారి పట్టేసరికి పదకొండున్నర. అచ్యుతరావే ఫోన్ చేసి, అతిథిని ఎండలో నిలబెట్టొద్దు, వెతకడం ఫారూఖ్ మీద వదిలి బయలుదేరమన్నాడు. దారిపొడుగునా నోరు తెరవకూడదని అమర్నాథ్ గట్టిగా అనుకున్నాడు. కానీ పక్కన కూర్చున్న మనిషి పుస్తకం చేత్తో పట్టుకుని, ఏదైనా అడుగుతావా అన్నట్టు చూస్తుంటే పద్నాలుగేళ్ళ మర్యాద ఊరుకోలేదు.

"అలసిపోయారా సార్?"

"గాలి కుదుపులు ఎక్కువగా ఉన్నాయి. నాకు తల తిరిగినట్టుగా ఉంది. బహుశా వైద్యుణ్ణి కలవాలేమో."

నర్సింలుకు అంత ఇంగ్లీషు రాదు గానీ అమర్నాథ్ మొహం చదవడం వచ్చు. "ఇంకో కాయితం తియ్యుమన్నడా సార్?" అన్నాడు.

ఆ కాగితం అందగానే అచ్యుతరావు పంపించిన క్లినిక్‌లో డాక్టరు ప్రెవోకు బీపీ చూసింది, కళ్ళలో లైటు వేసింది, ఈసీజీ తీసింది. చొక్కా విప్పి పడుకున్నా ప్రెవో పుస్తకం వదల్లేదు. ఏడో పాఠం తెరిచి పెట్టుకుని "ఇక్కడ నొప్పి, ఇక్కడ కాదు" అని వరసగా చెప్పుకుపోయాడు. అతని గుండె గుర్రంలా ఉందని డాక్టరు రాసిచ్చింది. నొప్పి ఎక్కడో మాత్రం అంతుపట్టలేదని కింద మరో వాక్యం రాసింది. ఆ వాక్యం చదివి అచ్యుతరావు స్వయంగా గెస్ట్‌హౌస్‌కు వచ్చేశాడు.

వచ్చి అతిథిని పలకరించి, గదిలోకి పంపి, అమర్నాథ్‌ని ఎగాదిగా చూశాడు. ఆ చూపు అమర్నాథ్‌కు నచ్చలేదు.

"రేపు పొద్దున మన ఓనరు షేక్ గారితో మీటింగు. ఆయనకు మార్చుకోవడానికి బట్టల్లేవు. నీ ఎత్తు, ఆయన ఎత్తు ఒకటే. నీ సూట్‌కేసు కారులోనే ఉందిగా?"

"సార్, అది ఊరికి..."

"కొత్త చొక్కాలుంటాయి కదయ్యా అందులో, ఊరికెళ్తున్నావుగా. నలిగిపోయుంటాయి. పెట్టెతో సహా లాండ్రీకి పంపించు, ఇస్త్రీ చేసి తెస్తారు."

పెట్టెలో రెండు కొత్త చొక్కాలు, ఖర్జూరం పొట్లాలు, ఆసుపత్రిలో పనికొస్తుందని కొన్న వేడినీళ్ళ సంచి, శ్రీలతకు ముందర బొత్తాలున్న రెండు నైటీలు ఉన్నాయి. నర్సింలు పెట్టెను లాండ్రీలో దించి తిరిగొచ్చాడు.

"ఆయినె పెట్టె వోయిందని మీ పెట్టె వాయె. ఇగ నా చెప్పులు భద్రం జేస్కోవాలె" అన్నాడు.

రెండున్నరకు ప్రెవో చేతికి సంతృప్తి పత్రం ఇచ్చారు. అతను కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివాడు. 'ప్రయాణంలో ఇబ్బందులు' అన్న చోట 'ఏమీ లేవు' అని రాసి సంతకం పెట్టేశాడు.

అచ్యుతరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "మరి మీ సూట్‌కేసు?"

"ఏ సూట్‌కేసు?"

ప్రెవో ఇద్దరి మొహాలూ చూసి, నీలం పుస్తకం బల్లమీద పెట్టాడు. ఆ తర్వాత తన సొంత ఇంగ్లీషులో, తప్పులతో, చేతులతో చెప్పుకొచ్చాడు. విదేశాలకు వెళ్ళే ఫ్రెంచి ఇంజనీర్లందరికీ వాళ్ళ కంపెనీ విమాన ప్రయాణం మీద ఇంగ్లీషు పిచ్చాపాటీ నేర్పిస్తోంది. పన్నెండు పాఠాలు. ప్రయాణం ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే 'బాగుంది' అని ఊరుకోకూడదట, మాట అక్కడితో చచ్చిపోతుందట. చిన్న కష్టం ఒకటి చెప్పాలట. తన ప్రయాణంలో వెతికినా కష్టం దొరక్కపోయేసరికి నాలుగో పాఠంలోది చెప్పాడు.

"మరి ఆ కౌంటర్ దగ్గర పదకొండు పెట్టెలు చూశారు కదండీ!" అన్నాడు అమర్నాథ్.

"అదే కదా గొప్ప! పాఠాన్ని అసలు చోటే సాధన చేయాలని మా టీచరమ్మ చెప్పింది. మీరు అడక్కుండానే కౌంటర్‌కు తీసుకెళ్ళారు, ఏడో పాఠానికి ఏకంగా నిజం డాక్టరునే పెట్టారు. మీలాంటి సాధన చేయించే మనిషిని నేను చూడలేదు." ప్రెవో అచ్యుతరావు వైపు తిరిగాడు. "వారం రోజులూ ఈయన నాతో ఉండాలి."

"తప్పకుండా!" అన్నాడు అచ్యుతరావు. తర్వాత తెలుగులో, "విన్నావుగా? అతిథి కోరిక. వచ్చే వారం వెళ్దువులే."

అమర్నాథ్‌కు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కొంత బలం కావాలి. ప్రెవో ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. భార్యకు ఆపరేషన్ అని, ఏడింటికి విమానం అని, ఈసారి తప్పితే ఆవిడ ఇక చేయించుకోదని.

ప్రెవో సానుభూతిగా తల ఊపి, ఆరో పాఠం తెరిచాడు. "అయ్యో, చాలా విచారకరం. తర్వాతి విమానం ఎన్ని గంటలకు?"

అమర్నాథ్ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, పేజీలన్నీ దాటి, చిట్టచివరి పాఠం తీశాడు. మధ్యలో ఒక చోట వేలు పెట్టి అతని ముందుకు జరిపాడు. ప్రెవో మంచి విద్యార్థి. గొంతు సవరించుకుని, అచ్యుతరావు వినేలా గట్టిగా చదివాడు.

"మిమ్మల్ని ఇంతసేపు ఆపినందుకు నాకు చాలా ఇబ్బందిగా ఉంది. మీ విమానానికి ఆలస్యమవుతోంది. దయచేసి వెంటనే బయలుదేరండి. మీ కుటుంబాన్ని అడిగానని చెప్పండి."

అమర్నాథ్ అప్పటికే కొత్త ఫారం మీద ఆ మాటలు రాసేశాడు. పక్కన టైం వేశాడు, మూడు గంటల పది నిమిషాలు. ఫారం తీసుకెళ్ళి అచ్యుతరావు చేతిలో పెట్టాడు.

"ఏవయ్యా, ఇది పాఠం కాదూ?"

"సూట్‌కేసు కూడా పాఠమేనండి. అది కాగితం ఎక్కింది."

"నేను ఒప్పుకోకపోతే?"

"ఇబ్బంది తీరనట్టే సార్. సంతృప్తి పత్రం చెల్లదు. రేపు షేక్ గారు పత్రం అడుగుతారు."

అచ్యుతరావు తను పెట్టిన నియమాన్ని ఎటునుంచి చూసినా అందులో కంత కనబడలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, ఒక వేలు నొక్కాడు. అమర్నాథ్ ఫోన్‌కు రీ-ఎంట్రీ వీసా మెసేజీ వచ్చింది. ప్రెవో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పన్నెండో పాఠం ఇంత బాగా పండుతుందని అతను అనుకోలేదు.

లాండ్రీ దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నపు అసర్ నమాజుకు తాళం వేసేశారు. అద్దంలోంచి సూట్‌కేసు కనబడుతోంది, దాని మీద ఇస్త్రీ చేసిన నైటీ ఒకటి హ్యాంగరుకు వేలాడుతోంది. నర్సింలు టైం చూశాడు, అమర్నాథ్ నైటీని చూశాడు.

"ఆగుదామా సార్?"

"వద్దు, కారు పోనీ."

తెల్లారేసరికి హైదరాబాదులో బావమరిది శరత్ కారు పట్టుకుని ఎయిర్‌పోర్టు బయట నిలబడి ఉన్నాడు. ఉత్త చేతులతో వస్తున్న బావను చూసి ఎదురెళ్ళాడు.

"అక్క నిన్నటినుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది, ఎక్కారా లేదా అని. ఇవాళ ఆపరేషన్ ఖాయమే అని చెప్పేస్తాను. ప్రయాణం బాగా జరిగిందా బావా?"

"చాలా బాగా జరిగింది. కానీ దురదృష్టవశాత్తూ నా సూట్‌కేసు రాలేదు."

"అలాగా" అని శరత్ కారు స్టార్ట్ చేశాడు.