శ్రీరామ్మూర్తిగారి షట్‌డౌన్

ఆ శనివారం పొద్దున్న ఫెబా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. యజమాని రాకముందే ఆఫీసుకు వెళ్ళాలి, ఇంట్లో కూర్చుని తయారుచేసిన లైట్‌హౌస్‌ను ఆటలో పెట్టెయ్యాలి, తర్వాత ఏమీ ఎరగనట్టు టీ తాగాలి. చేసిన పని పెద్దదైనప్పుడు దాన్ని కప్పిపుచ్చే ప్లాను చిన్నదిగా ఉంటేనే మంచిదని ఆమె నమ్మకం.

గాజువాకలో ఒక నెట్ సెంటర్ మేడ మీద రెండు గదుల కంపెనీ అది. ఫెబా అందులో ప్రోగ్రామరు. కంపెనీకి ఉన్నది ఒక్కటే ఆట, పేరు ‘జెట్టీ’. కంప్యూటర్లోనే బోటు కొనుక్కుని, సముద్రంలోకి వెళ్ళి, చేపలు పట్టి, తెచ్చి అమ్ముకోవాలి. 2006లో స్టీల్ ప్లాంటు వాళ్ళూ పోర్టు వాళ్ళూ షిఫ్టు దిగి ఇంటికి పోకుండా కింద నెట్ సెంటర్లో కూర్చుని లేని చేపలు పట్టేవారు. వాళ్ళ ఆడవాళ్ళు ఏమనుకునేవారో గాని, కంపెనీకి అదే బతుకుతెరువు.

యజమాని శ్రీరామ్మూర్తిగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు మెయింటెనెన్సులో తల నెరిసిన మనిషి. రిటైరయ్యాక వచ్చిన డబ్బు ఈ ఆటలో పెట్టారు. ఆటలాడటం పిల్లల వ్యవహారం కనుక, ఆయన ఒక్కరోజు కూడా తన ఆటలో తాను బోటెక్కలేదు.

వేసవిలో ఫెబా ఐసు పెట్టె, తుఫాను, వేలంపాట లాంటివి కొన్ని కొత్తగా తయారుచేసి, వారానికొకటి చొప్పున వదులుదామంది.

“వారానికో ఇటుక మార్చుకుంటూ పోతే బ్లాస్ట్ ఫర్నేసు బాగవుతుందా అమ్మా?” అన్నారు శ్రీరామ్మూర్తిగారు. “ఆపాలి, అన్నీ ఒక్కసారే మార్చాలి, మళ్ళీ వెలిగించాలి. క్యాపిటల్ రిపేరంటే అదీ.”

“అన్నీ ఒక్కసారే పెడితే, ఏదైనా చెడినప్పుడు దేనివల్ల చెడిందో తెలీదు సార్.”

“అసలు చెడిపోయేలా ఎందుకు చేస్తావు?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ప్రోగ్రామరు ఇంతవరకూ పుట్టలేదు. తన అనుమతి లేకుండా ఒక్క అక్షరం ఆటలోకి వెళ్ళినా ఆమె ఉద్యోగం ఉండదని కూడా ఆయన చెప్పారు. ఫెబా బుద్ధిగా తలూపింది. ఆ తర్వాత ప్రతి గురువారం ఒక్కొక్కటే వదిలేస్తూ వచ్చింది. ఆడేవాళ్ళు సంతోషించారు. ఆట తెరిచి చూడని యజమానికి ఏమీ తెలియలేదు.

తీరా ఆయన పెద్ద విడుదలకు ముహూర్తం పెట్టేసరికి, విడుదల చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పైగా హైదరాబాదులో వరసగా నెట్ సెంటర్లు నడిపే కామరాజుగారు ఆ సంబరం కళ్ళారా చూసి, నచ్చితే ఆటను తన సెంటర్లన్నిటిలో పెట్టుకోవడానికి వస్తున్నారు. అందుకే కనీసం ఆ లైట్‌హౌస్.

ఆఫీసు తలుపు తీసి ఫెబా అక్కడే నిలబడిపోయింది. ఆటను నడిపించే కంప్యూటరున్న లోపలి గదికి తాళం, తాళానికి ఎర్ర అట్ట వేలాడుతున్నాయి. ‘ప్రమాదం. ముట్టుకోరాదు.’ కింద శ్రీరామ్మూర్తిగారి సంతకం.

ఆమె వెంటనే ఆయనకు ఫోను చేసింది.

“నిన్న సాయంత్రం నేనే షట్‌డౌన్ తీసుకున్నానమ్మా,” అన్నారాయన ఉత్సాహంగా. “రిపేరుకి ముందు యంత్రం చల్లారాలి. ట్యాగు కట్టినవాడే విప్పాలి, అది రూలు. అన్నీ అందులో పెట్టేశావు కదా?”

“పెట్టేశాను సార్.”

నిజం చెప్పి ఇంత భయపడటం ఆమెకు అదే మొదటిసారి. లైట్‌హౌస్ పెట్టే దారి మూసుకుపోయింది, ఇక మిగిలింది ఆటగాళ్ళ నోళ్ళు మూయించడం. వాళ్ళలో ఒక్కడు ‘ఇవన్నీ పాతవే కదా’ అన్నా తన పని అయిపోయినట్టే. ఆమె కిందికి పరుగెత్తి నెట్ సెంటర్ ఓనరు పోలిరాజును పట్టుకుంది.

“హైదరాబాద్ నుంచి ఒకాయన వస్తున్నారు. ఆయన ముందు ఎవరూ ఆట గురించి నోరెత్తకుండా చూడు పోలిరాజూ. లేకపోతే నా ఉద్యోగం పోద్ది.”

“నిన్నట్నుంచి ఆట రాటం లేదు. ఏటైనాది మేడం?”

“తర్వాత చెప్తాను,” అని ఆమె పైకి వెళ్ళిపోయింది.

పోలిరాజు తిన్నగా ఉండే రకం కాదు. వెనకే మెట్లెక్కి తొంగిచూశాడు. తాళం, ఎర్ర అట్ట, సంతకం. వీటికి హైదరాబాద్ మనిషినీ, పోబోయే ఉద్యోగాన్నీ కలుపుకున్నాడు. కిందికి దిగి, నైట్ షిఫ్టు నుంచి తిన్నగా వచ్చి కూర్చున్న పోర్టు క్రేన్ ఆపరేటరు గురువులు చెవిలో వేశాడు.

“ఆటకి సీలు ఏసీసినారు బావా. మూసీడానికి హైదరాబాద్ నుంచి ఆఫీసరొత్తన్నాడు.”

గురువులుకు ఆటలో మూడు బోట్లున్నాయి. బయట సైకిలు కూడా లేదు. అతను సెల్‌ఫోను తీసి తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళు వాళ్ళకు తెలిసినవాళ్ళకు చెప్పారు. కాసేపటికి కూర్మన్నపాలెం నుంచి, మల్కాపురం నుంచి బస్సుల్లో ఆటోల్లో జనం దిగి మెట్ల ముందు గుంపు కట్టారు.

శ్రీరామ్మూర్తిగారు కామరాజుగారిని వెంటబెట్టుకుని కారు దిగి ఆ జనాన్ని చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. “చూశారా సార్, విడుదలకి ఎలా వచ్చారో,” అని, గుంపువైపు తిరిగి చేతులు జోడించారు. “కాస్త ఓపిక పట్టండి బాబూ. పాతదంతా పోతుంది. అంతా కొత్తది వస్తుంది.”

గురువులు మెట్లకు అడ్డంగా కూర్చున్నాడు.

“పాతదంతా అంటే, మా బోట్లేటి సేత్తారు? నాను కదల్ను. నన్ను దాటి ఎవులెల్తారో ఎల్లండి.”

అతని పక్కన ఇంకో నలుగురు కూర్చున్నారు. మెట్లు నిండిపోయాయి. కామరాజుగారు వాచీ చూసుకున్నారు. శ్రీరామ్మూర్తిగారికి అంతా ప్లాంటు గేటు ముందు సమ్మెలా కనిపించింది.

పైనుంచి ఫెబా అంతా చూస్తూనే ఉంది. ఏదీ మారదని చెబితే యజమాని వింటారు. చెప్పకపోతే వీళ్ళు లేవరు. ఆమె రెండు మెట్లు దిగింది.

“గురువులన్నా, మీ బోట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క వల కూడా పోదు. పోతే నన్నడుగు.”

గురువులు ఆమె మొహంలోకి చూశాడు. గురువారాలన్నీ గుర్తొచ్చాయో ఏమో, లేచి పక్కకు జరిగాడు.

శ్రీరామ్మూర్తిగారు పైకెక్కి, ఎర్ర అట్ట విప్పి కళ్ళకద్దుకుని, తాళం తీసి స్విచ్చి వేశారు. కాసేపటికి కింద తెరల మీద జెట్టీ వెలిగింది. నెట్ సెంటర్ అదిరిపోయేలా కేకలు లేచాయి. ఒకాయన పక్కవాణ్ణి కౌగిలించుకున్నాడు. అందరూ కిందికి దిగారు.

“ఐసు పెట్టె ఎలా ఉందండీ?” అని కామరాజుగారు గురువులును అడిగారు.

ఫెబా గబుక్కున గురువులు కుర్చీ దగ్గరికి వచ్చింది.

“అది నేకపోతే ఎలాగ సార్, అలవాటైపోనాది,” అన్నాడు గురువులు తెర మీంచి చూపు తిప్పకుండా.

“విన్నారా, అప్పుడే అలవాటైపోయిందిట,” అని శ్రీరామ్మూర్తిగారు పొంగిపోయి, అందరికీ కూల్‌డ్రింకులు చెప్పడానికి వెళ్ళారు. కామరాజుగారు ఫెబా పక్కకు వచ్చి గొంతు తగ్గించారు.

“ఆ ఐసు పెట్టె వేసవి నుంచీ నా బోటులో ఉందమ్మా. తుఫానులో నేను రెండుసార్లు మునిగాను కూడా. మీ సారుకి తెలుసా?”

“తెలీదు సార్,” అంది ఫెబా. దాచడానికి ఓపిక లేకపోయింది.

“తెలియనివ్వకండి. కొత్తదేమీ లేకుండా సంబరమేమిటా అని నవ్వుకుంటూ, వద్దని చెప్పడానికే బయల్దేరాను. నిన్న ఆట ఆగిపోయేసరికి నాకే ఏమీ తోచలేదు. ఇప్పుడు వీళ్ళనూ చూశాను, ఆగితేనే ఆట విలువ తెలుస్తోంది.”

కూల్‌డ్రింకులతో తిరిగొచ్చిన శ్రీరామ్మూర్తిగారికి ఆయన చెయ్యి అందించారు. “ఆట తీసుకుంటాను. మార్పులు ఒక్కసారే పెట్టుకుంటారో, విడివిడిగా పెట్టుకుంటారో మీ ఇష్టం, నాకు పట్టింపు లేదు. ఒక్కటే షరతు. వారానికో పూట ఆట ఆపెయ్యాలి. ఆపి, మళ్ళీ వెలిగించాలి.”

“ప్రతి వారం షట్‌డౌనా?” అన్నారు శ్రీరామ్మూర్తిగారు. ప్లాంటులో ఏడాదికొకటి ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వని రోజులు ఆయనవి. తన చేతిలోని కూల్‌డ్రింకు కూడా కామరాజుగారికే ఇచ్చేశారు.

ఆ విధంగా ఆ పూట ఫెబా ఉద్యోగం నిలబడింది, శ్రీరామ్మూర్తిగారికి కంపెనీలో ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది.